గాల్ బ్లాడర్‌లో రాయి ఉంటే పేగుల్ని ఎలా చూసుకోవాలి?

కొత్తపేటలో ఉండే మా పిన్నికి స్కానింగ్‌లో గాల్ బ్లాడర్‌లో రాళ్లు కనబడ్డాయి. అప్పటినుంచి నూనె తగ్గించడం ఒక్కటే పట్టుకుంది కానీ, ఏళ్లుగా ఉన్న మలబద్ధకం సంగతి డాక్టరుకు చెప్పనే లేదు. చెప్పాల్సిందే.

ఎందుకంటే కాలేయం కొలెస్ట్రాల్‌తోనే పైత్యరస ఆమ్లాలు (గాల్ బ్లాడర్‌లో నిల్వ ఉండే పైత్యరసంలోవి) తయారుచేస్తుంది, అవి పేగులోకి దిగి కొవ్వు అరగడానికి సాయపడి, దాదాపు 95 శాతం చిన్నపేగు చివరి నుంచి మళ్లీ కాలేయానికే చేరతాయి. మిగిలినవి పెద్దపేగులోకి వెళ్తే అక్కడి బ్యాక్టీరియా వాటిలో కొన్నిటిని డీఆక్సీకోలిక్ ఆమ్లంగా మారుస్తుంది, అదీ వెనక్కి వస్తుంది. పైత్యరసంలో దాని వాటా పెరిగితే కొలెస్ట్రాల్ కూడా ఎక్కువ చేరి పలుకులు కడుతుంది, అవే రాళ్లవుతాయి. పేగు మెల్లగా కదిలితే బ్యాక్టీరియాకు అంత టైం దొరికినట్టే. పైత్యనాళంలో పుట్టే గోధుమరంగు రాళ్లది వేరే దారి: అక్కడ ఇన్ఫెక్షన్ చేరితే, ఈ.కోలి లాంటి బ్యాక్టీరియా ఎంజైము బిలిరుబిన్‌ను (పైత్యరసంలోని పసుపు రంగు పదార్థాన్ని) విడగొడుతుంది, అది కాల్షియంతో కలిసి గట్టిపడుతుంది.

కాబట్టి ముందు విరేచనం సాఫీగా అయ్యేలా చూసుకోండి. ఎర్రగడ్డ రైతుబజారుకు వెళ్తే గోరుచిక్కుడు, తోటకూర తెచ్చుకోండి, రాత్రికి జొన్నరొట్టె చేసుకోండి. పీచు ఒక్కసారిగా పెంచితే గ్యాస్ పడుతుంది, రెండు వారాల్లో మెల్లగా పెంచుతూ నీళ్లు బాగా తాగండి.

తర్వాత, పూట మానకండి. పొద్దున్నుంచి ఇరానీ చాయ్‌తో గడిపేసి రాత్రి పదకొండింటికి బిర్యానీ తింటే, అంతసేపూ గాల్ బ్లాడర్‌లో పైత్యరసం కదలకుండా చిక్కబడుతూ ఉంటుంది. బరువు తగ్గాలన్నా వారానికి కిలోన్నర దాటనివ్వొద్దు, త్వరగా తగ్గితే కొత్త రాళ్లే వస్తాయి.

మెడికల్ షాపులో అడిగి యాంటీబయాటిక్స్ వేసుకోవద్దు. పేగులోని బ్యాక్టీరియా చెదిరిపోతుంది. సెఫ్ట్రియాక్సోన్ ఇంజెక్షన్ అయితే గాల్ బ్లాడర్‌లో కాల్షియంతో కలిసి మడ్డిలా పేరుకోవచ్చు, ఆపేస్తే చాలావరకు కరిగిపోతుంది.

పెరుగు, మజ్జిగ తీసుకోండి, మంచివే, కానీ ఉన్న రాయిని అవి కరిగించవు. ఆలివ్ నూనె, నిమ్మరసం తాగితే రాళ్లు పడిపోతాయని పిన్నికి ఎవరో చెప్పారు. దయచేసి నమ్మకండి, అలా పడే పచ్చని ఉండలు పేగులో తయారైన సబ్బు లాంటి ముద్దలు.

నొప్పి లేని రాయికి చాలామందికి ఆపరేషన్ అక్కర్లేదు. తిన్నాక కుడివైపు పక్కటెముకల కింద నొప్పి పదేపదే వస్తుంటే సర్జన్‌ను కలవండి, రాళ్లొక్కటే తీస్తే మళ్లీ వస్తాయి కాబట్టి సాధారణంగా గాల్ బ్లాడర్ మొత్తం తీసేస్తారు. నొప్పితోపాటు చలిజ్వరం వచ్చినా, కళ్లు పచ్చబడినా మాత్రం తెల్లారేదాకా ఆగొద్దు, ఆ రాత్రే ఎమర్జెన్సీకి వెళ్లిపోండి.