వీధి కుక్కకు విషం పెడితే పోలీస్ కంప్లైంట్ ఎలా ఇవ్వాలి?

"యాభై రూపాయల జరిమానా కోసం స్టేషన్ చుట్టూ ఎవరు తిరుగుతారండీ?" విశాఖలో గాజువాకలో అడిగినా, మధురవాడలో అడిగినా ఇదే మాట. 1960 నాటి జంతు హింస నివారణ చట్టంలో మొదటి తప్పుకు జరిమానా 10 నుంచి 50 రూపాయలే, నిజమే. కానీ ఐపీసీ స్థానంలో 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 325 సంగతి వేరు. జంతువును చంపినా, విషం పెట్టినా, అవిటిదాన్ని చేసినా ఐదేళ్ల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. కంప్లైంట్‌లో ఈ సెక్షన్ నంబర్ మీరే రాయండి.

ముందు ప్రాణం చూడండి

నొప్పితో ఉన్న కుక్క రోజూ అన్నం పెట్టే చేతినైనా కరుస్తుంది. చున్నీతో మూతి వదులుగా కట్టి, గోనెసంచి మీద పడుకోబెట్టి ఆటో ఎక్కించండి. వాంతులు చేసుకుంటుంటే మాత్రం మూతి కట్టొద్దు, ఊపిరాడదు. ఆవులు, గేదెలకైతే పశువుల అంబులెన్స్ నంబరు 1962కు ఫోన్ చేయండి. గాయం ఎలాంటిదో డాక్టర్‌తో చీటీ మీద రాయించుకోండి.

ఆధారాలు అదే రోజు

కేసు నిలబడేదీ, వీగిపోయేదీ ఇక్కడే. గాయాన్ని దగ్గరగా ఒక ఫొటో, షాపు బోర్డో ఇంటి నంబరో కనిపించేలా దూరంగా ఇంకో ఫొటో తీయండి. వాట్సాప్‌లో పంపినా, ఒరిజినల్ ఫైల్‌ను ఫోన్‌లోంచి తీసేయకండి. సీసీ కెమెరాలో పాత రికార్డింగ్ మీద కొత్తది పడిపోతుంది కాబట్టి ఫుటేజ్ కోసం ఆ సాయంత్రమే అడగండి.

కుక్క చనిపోతే జాలిపడి వెంటనే పాతిపెట్టేస్తారు, దాంతో కేసు కూడా పోతుంది. పారిశుద్ధ్య సిబ్బంది ఎత్తుకెళ్లకముందే 112కు ఫోన్ చేసి, ప్రభుత్వ పశువైద్యుడితో పోస్ట్‌మార్టం చేయించమని పోలీసులను రాతపూర్వకంగా అడగండి. విశాఖ ఉక్కపోతకు శరీరం త్వరగా పాడవుతుంది, చుట్టూ ఐసు పెట్టండి. పక్కన మిగిలిన అన్నాన్ని చేత్తో ముట్టుకోకండి, పోలీసులే సీజ్ చేయాలి.

స్టేషన్‌లో

తేదీ, టైము, చోటు, చూసినవాళ్ల పేర్లు రాయండి. ఆవేశం ఒక్క వాక్యం కూడా వద్దు. "మా పరిధి కాదు" అంటే జీరో ఎఫ్‌ఐఆర్ అడగండి, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) సెక్షన్ 173 ప్రకారం ఏ స్టేషన్‌లోనైనా ఇవ్వొచ్చు. ఎఫ్‌ఐఆర్ కాపీకి డబ్బు కట్టక్కర్లేదు. అసలు తీసుకోకపోతే పోలీస్ కమిషనర్ కార్యాలయానికి స్పీడ్ పోస్టులో పంపండి. 1960 చట్టం కింద కేసుకు గడువు మూడు నెలలే.

మూలం ఎక్కడుందో చూడండి

చాలాసార్లు గొడవ మొదలయ్యేది కుక్కలు కరుస్తున్నాయన్న భయంతోనే. ఆ భయం అబద్ధం కాదు, పిల్లలున్న ఇంటివాళ్లను తిట్టి లాభం లేదు. కుక్కలకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్, రేబిస్ టీకా చేయించమని అపార్ట్‌మెంట్ అసోసియేషన్ తరఫున విశాఖ నగరపాలక సంస్థ జీవీఎంసీకి అర్జీ పెట్టించండి. 2023 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం తర్వాత కుక్కను పట్టుకున్న చోటే వదలాలి. స్కూళ్లు, ఆసుపత్రులు, బస్టాండ్ల ఆవరణల్లో పట్టినవాటిని మాత్రం తిరిగి అక్కడ వదలొద్దని 2025 నవంబర్‌లో సుప్రీంకోర్టు ఆదేశించింది.

బీచ్‌లో ఆలివ్ రిడ్లే తాబేలు గాయాలతో కనిపిస్తే దారి వేరు. అది వన్యప్రాణి, ఫోన్ వెళ్లాల్సింది అటవీశాఖకు.