పండు ఈగలు వదలాలంటే: వంటింట్లో పది రోజుల పని, పెరట్లో నెల రోజుల పని

ఏప్రిల్ వచ్చేసరికి నెల్లూరు, ఒంగోలు బజార్లలో ఉలవపాడు బంగినపల్లి దిగుతుంది. రెండు డజన్లు తెచ్చి వరిగడ్డిలో మాగేస్తాం. అయిదో రోజు గోనెసంచి తీయగానే నువ్వుగింజంత ఈగలు గుంపుగా మొహం మీదికి లేస్తాయి. అదే వారం పెరట్లో కాకర పిందెలు పసుపు తిరిగి పాదు కింద రాలుతుంటాయి. రెంటికీ మనం పెట్టుకున్న పేరు ఒకటే, పండు ఈగ. పురుగులు మాత్రం వేరు. ఒకదానికి పారే ఉపాయం రెండోదానికి పారదు. మామిడి చెట్టుకు వెనిగర్ సీసా వేలాడదీసినవాళ్లు, వంటింట్లో మిథైల్ యూజినాల్ (పెరటి మగ ఈగలను రప్పించే వాసన మందు) ఎర పెట్టినవాళ్లు డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే.

ముందు ఏ ఈగో తేల్చుకోండి

వంటింటిది డ్రోసోఫిలా. పొడవు 3 మిల్లీమీటర్లు, లేత గోధుమ రంగు ఒళ్లు, ఎర్రటి కళ్లు. బద్ధకంగా తేలుతూ ఎగురుతుంది. గట్టిగా ఉన్న మంచి కాయ జోలికి పోదు. పులిసే దేనిమీదైనా పెరిగే ఈస్టు దానికి తిండి. చితికిన అరటిపండు, నీరు కారే టమాటా, దోసెపిండి గిన్నె అంచున ఎండకుండా మిగిలిన చార, కల్లు సీసా, ఇవన్నీ దానికి ఒకటే.

పెరటిది ఇంటి ఈగంత ఉంటుంది, కాస్త సన్నం, చూడగానే కందిరీగ పిల్లేమో అనిపిస్తుంది. వీపు మీద పసుపు చారలుంటాయి. మామిడి, జామ, సపోటాల మీద వాలేది ఎక్కువగా బాక్ట్రోసెరా డోర్సాలిస్ అనే జాతి. కాకర, బీర, దోస, పొట్ల పాదుల మీద వాలేది దాని దాయాది, రెక్కల మీద గోధుమ మచ్చలుంటాయి. ఇవి కుళ్లిన పండు కోసం కాచుకోవు. చెట్టు మీదున్న మంచి కాయకే తోక చివరి ముల్లు లాంటి గొట్టం గుచ్చి, తొక్క కింద గుడ్లు పెడతాయి.

ఇంకో రెండు పురుగులు వీటితో కలిసిపోతాయి. పూలకుండీ మట్టిలోంచి లేచే నల్లటి, పొడుగు కాళ్ల దోమలాంటిది ఒకటి. కుండీకి నీళ్లు తగ్గించి పైమట్టి ఎండనిస్తే అదే పోతుంది. స్నానాల గది గోడకు అంటుకుని, బూడిద రంగు నూగుతో చిన్న సీతాకోకలా కనిపించేది రెండోది. అది తూములోంచి వస్తుంది. చేపలు కడిగిన చోట మూగే పెద్ద ఈగలకీ వీటికీ సంబంధం లేదు.

వంటింట్లో

ఎండలు మరీ ముదరని రోజుల్లో డ్రోసోఫిలా గుడ్డు ఈగగా మారడానికి సుమారు పది రోజులు. ఒక ఆడ ఈగ తన బతుకులో వందల గుడ్లు పెడుతుంది. ఈ పది రోజుల లెక్క మనసులో ఉంచుకోండి. ఇవాళ ఎగిరేవాటిని చంపినా, నిన్న పెట్టిన గుడ్లు వచ్చే వారం లేస్తాయి.

1. ఉల్లిగడ్డల బుట్ట, బంగాళాదుంపల గోతం కింద పరిచి చూడండి. చాలా ఇళ్లలో దొంగ అక్కడే ఉంటుంది. అడుగున ఒక్క దుంప నీరుగారి ఉంటే చాలు. చెత్తబుట్ట గోడకు జీలకర్ర ముక్కల్లా గోధుమ రంగు గింజలు అంటుకుని ఉంటే, అవి ప్యూపాలు, అంటే పురుగు ఈగగా మారే ముందు కదలకుండా ఉండే దశ. సంచి మార్చినంత మాత్రాన పోవు. బుట్టను వేడినీళ్లతో, పీచుతో రుద్దాలి.

2. తడి మసిగుడ్డ, గిన్నెల పీచు, ఫ్రిజ్ కింద నీళ్లు చేరే పళ్లెం, ఖాళీ కూల్‌డ్రింకు సీసాలు, మిక్సీ అడుగు. ఇవన్నీ ఒక్కరోజులో తేల్చేయాలి. ఇవాళ సగం, ఆదివారం సగం అంటే లెక్క మళ్లీ మొదటికి వస్తుంది.

3. తెచ్చిన పండ్లు వెంటనే కడిగి, ఆరబెట్టండి. తడిగానే బుట్టలో పోస్తే కడగనివాటికంటే ముందు మురుగుతాయి. మాగేసిన మామిడిని రోజూ ఒకసారి తీసి చూసి, తొడిమ దగ్గర నల్లబడిందాన్ని వేరుచేయండి. గోనెసంచి బదులు పలచటి పాత నూలు పంచె కప్పి అంచులు కాయల కిందికి దోపితే గాలి ఆడుతుంది, ఈగ దూరదు. దోమతెర గుడ్డకు కన్నాలు పెద్దవి, 3 మిల్లీమీటర్ల ఈగ ఇరుక్కుని అయినా లోపలికి పోతుంది.

4. ఇవన్నీ అయ్యాకే ఉచ్చు. గాజు గ్లాసులో 100 మిల్లీలీటర్ల గోరువెచ్చని నీళ్లు, ఒక చెంచా పంచదార, పావు చెంచా బేకరీ ఈస్టు కలిపి గంట ఉంచండి. నురగ కట్టాక గిన్నెల సబ్బు ద్రావణం రెండు చుక్కలు వేయండి. ఈస్టు లేకపోతే ముగ్గిన అరటిపండు ముక్క నలిపి, నాలుగు చెంచాల వెనిగర్‌, సగం గ్లాసు నీళ్లు చాలు. అంగట్లో దొరికే తెల్ల వెనిగర్‌ ఒక్కటే పోస్తే పెద్దగా పడవు, దానికి పండు వాసన లేదు. పైన పాలిథిన్ కవరు బిగించి రబ్బరు బ్యాండు వేసి, టూత్‌పిక్‌తో అయిదారు కన్నాలు పొడవండి.

సబ్బు ఎందుకంటే, నీటి పై పొర బిగువు సడలి, వాలిన ఈగ తేలకుండా మునుగుతుంది. ఎక్కువ వేస్తే సబ్బు వాసన పైకి వచ్చి ఈగలు సరిగా రాకపోవచ్చు. మూడు రోజులకు ఒకసారి పారబోసి కొత్తది పెట్టండి. అరటి ముక్క ఉన్న గ్లాసుని వారం వదిలేస్తే దాని అంచున తెల్లటి పురుగులు పాకుతాయి. పట్టడానికి పెట్టిన గ్లాసే పురుడు గది అవుతుంది. గ్లాసును కిటికీ దగ్గర పెడితే బయటి ఈగలు కూడా వస్తాయి, ఈగలు మూగే మూలలో పెట్టండి.

పన్నెండు రోజులు గడిచినా తగ్గకపోతే తూముని అనుమానించండి. రాత్రి సింకు తూము మీద పారదర్శక టేపును, జిగురు వైపు కిందికి, కొంచెం ఖాళీ వదిలి అంటించండి. పొద్దున టేపుకి ఈగలు అంటితే వాటి ఇల్లు గొట్టంలోనే. బ్లీచింగ్ పౌడరు పోస్తే లోపలి జారుడు పాచి మీదుగా జారిపోతుంది, పాచి అలాగే ఉంటుంది. పొడుగు బ్రష్షుతో గొట్టం గోడ రుద్ది, తర్వాత వేడినీళ్లు పోయాలి. సలసల కాగేవి వద్దు, పీవీసీ గొట్టం మెత్తబడి అతుకు దగ్గర కారుతుంది. చేయి పెట్టలేనంత వేడి చాలు.

పెరట్లో, తోటలో

జామకాయను కోసేముందు వెలుతురులో తిప్పి చూడండి. ఈగ గుచ్చిన చోట సూదిమొనంత చుక్క, దాని చుట్టూ కాస్త ముదురు ఆకుపచ్చ. మామిడి మీద అయితే ఆ చుక్క నుంచి జీడిలాంటి బంక బొట్టు కారి ఎండి ఉంటుంది. రెండు మూడు రోజులకు చుక్క చుట్టూ తొక్క గోధుమ రంగుకి తిరిగి, వేలితో నొక్కితే లోపలికి పోతుంది. అక్కడ కోస్తే మీగడ రంగు పురుగులుంటాయి. వాటిని నేల మీద పడేయండి. తలా తోకా కలిపి విల్లులా వంగి, జానెడు దూరం ఎగిరి పడతాయి. ఇలా గెంతేది పెరటి పండు ఈగ పిల్లే. డ్రోసోఫిలా పురుగు గెంతదు.

ఆ గెంతడం వినోదానికి కాదు, మట్టిలో దూరడానికి చోటు వెతుక్కుంటోంది. పురుగు కాయ లోపల పది రోజులు అటూ ఇటుగా తిని, కాయ రాలాక బయటికి వచ్చి, మట్టిలో నాలుగైదు అంగుళాల లోపు ప్యూపా అవుతుంది. మరో పది రోజులకు ఈగగా పైకి వస్తుంది. గుడ్డు నుంచి గుడ్డుకి సుమారు నెల. కాబట్టి రాలిన కాయను ఆ రోజే ఎత్తేస్తే ఆ తరం చాలావరకు ఆగిపోతుంది. మిగతా పద్ధతులన్నీ దీని తర్వాతే.

రాలిన కాయల సంగతి. పాదు చుట్టూ, చెట్టు కింద, రోజూ పొద్దున ఏరండి. పెంటకుప్పలో వేయొద్దు, కాలవలో పారేయొద్దు. పెంటకుప్ప లోపల పురుగు హాయిగా పెరుగుతుంది. దళసరి నల్ల పాలిథిన్ సంచిలో పోసి, గాలి చొరకుండా మూతి కట్టి, ఎండలో వారం పది రోజులు ఉంచండి. మే నెల ఎండకి లోపల పురుగు ఉడికిపోతుంది. వానాకాలం, ముఖ్యంగా మన దగ్గర అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఎండ నమ్మకం లేదు గనక రెండడుగుల గొయ్యిలో పాతిపెట్టి, మట్టి తొక్కాలి. అడుగు లోతు చాలదు, మెత్తని నేలలో ఈగ పైకి తవ్వుకుంటూ వస్తుంది.

చెట్టు కింద నేల. పాదు మట్టిని రెండు వారాలకోసారి పారతో నాలుగు అంగుళాలు తిరగేయండి. ప్యూపాలు ఎండకు, చీమలకు, పిట్టలకు బయటపడతాయి. ఇంట్లో నాటు కోళ్లుంటే చెట్టు కిందికి వదలండి, మనకంటే బాగా తవ్వుతాయి. సముద్ర తీరానికి దగ్గర ఇసుక నేలల్లో ఇది తేలిక. నల్లరేగడిలో పగుళ్లలో దూరుతాయి, అక్కడ తడి ఇచ్చిన మర్నాడు తిరగేయాలి.

కాయలకు సంచులు. కాకర పువ్వు వాడిన రెండో రోజే పిందెకు కాగితం సంచి తొడగాలి. వేలంత పెరిగే దాకా ఆగితే అప్పటికే గుచ్చి ఉంటుంది. న్యూస్‌పేపరు రెండు పొరలుగా, 15 సెంటీమీటర్ల వెడల్పు, 25 సెంటీమీటర్ల పొడవు గొట్టంలా అతికి, పైన తొడిమ దగ్గర స్టేప్లర్ కొట్టండి. జామ నిమ్మకాయంత అయినప్పుడు, మామిడి కోడిగుడ్డంత అయినప్పుడు. ప్లాస్టిక్ కవరు తొడగొద్దు, లోపల చెమ్మ పట్టి కాయ కుళ్లుతుంది. వానకు తడిసిన కాగితం చిరుగుతుంది, మరో జత సిద్ధంగా పెట్టుకోండి.

ఎరలు. మామిడి, జామ, సపోటాలకు మిథైల్ యూజినాల్. పాదులకు క్యూ ల్యూర్. పురుగుమందుల అంగట్లో చెక్కముక్కకు పట్టించి అమ్ముతారు. లీటరు నీళ్ల సీసాకు పై సగంలో రూపాయి బిళ్లకు కాస్త చిన్నవిగా నాలుగు కన్నాలు కోసి, చెక్కను తీగతో మధ్యలో వేలాడదీసి, అడుగున అంగుళం సబ్బునీళ్లు పోయండి. చెట్టుకు నీడ వైపు, నాలుగైదు అడుగుల ఎత్తులో కట్టండి. ఎకరాకు పది దాకా, పెరటికి ఒకటి చాలు. తీగకు గ్రీజు రాయకపోతే చీమలు దిగి పడిన ఈగలను ఎత్తుకుపోతాయి. సీసా ఖాళీగా కనిపించి, ఈగలు లేవనుకుంటారు. చెక్క వాసన రెండు నెలలు దాటదు. రెండు రకాల ఎరలనూ ఒకే సీసాలో పెట్టొద్దు.

ఈ రెండు ఎరలకూ వచ్చేవి మగ ఈగలే. సీసా నిండా చచ్చిన ఈగలు చూసి సంతోషపడతాం, ఆడ ఈగ మాత్రం పక్క కొమ్మ మీద కాయ గుచ్చుతూనే ఉంటుంది. మగవి దాదాపు అన్నీ పోతేగానీ గుడ్లు తగ్గవు. అందుకే ఉలవపాడు వైపు ఏప్రిల్ కోతకి ఫిబ్రవరిలోనే, ఇరుగుపొరుగు తోటలతో కలిసి కట్టాలి. కాయ పండుతుండగా కట్టిన సీసా లెక్క చూసుకోవడానికి తప్ప దేనికీ పనికిరాదు.

పైసా ఖర్చు లేనిది కావాలంటే తులసి. దాని ఆకులో సహజంగానే మిథైల్ యూజినాల్ ఉంటుంది. 20 గ్రాముల ఆకు నూరి 100 మిల్లీలీటర్ల నీళ్లలో కలిపి కొబ్బరి చిప్పలో పెడితే కొన్ని వస్తాయి. వారానికోసారి మార్చాలి. బజారు ఎరంత పట్టు ఉండదు.

పాదుల ఆడ ఈగకు మాంసకృత్తులు కావాలి, గుడ్లకు అదే బలం. తీరప్రాంతం కాబట్టి ఎండుచేప పొడికి కొదవలేదు. ఒక చెంచా పొడి తడిపి, చిన్న కన్నాలున్న సీసాలో సబ్బునీళ్ల పైన వేలాడదీయండి. ఇంటికి దూరంగా పందిరి చివర కట్టండి. దగ్గర కడితే ఇంటి ఈగలు, పిల్లులు ముందు వస్తాయి.

పురుగుమందు పిచికారీ పెరటికి వద్దు. పురుగు కాయ లోపల ఉంటుంది, మందు తొక్క మీద ఉంటుంది. పూత మీద కొడితే తేనెటీగలు పోతాయి, పిందెలే ఉండవు.

కోసిన మామిడికి వేడినీళ్లు

2014 మే 1 నుంచి యూరోపియన్ యూనియన్ మన దేశపు మామిడిని ఆపేసింది, సరుకులో పండు ఈగ దొరికిందని. 2015లో మళ్లీ తలుపు తీసింది. ఎగుమతి ప్యాక్‌హౌసుల్లో కాయను 48 డిగ్రీల సెల్సియస్ నీళ్లలో 60 నిమిషాలు ముంచుతారు, లోపలి గుడ్లూ పురుగులూ చస్తాయి. ఇంట్లోనూ చేయవచ్చు గానీ ఓపిక కావాలి.

పెద్ద కాగు, వంట థర్మామీటరు కావాలి. జ్వరం చూసేది 42 దగ్గర ఆగిపోతుంది. నీళ్లు 50కి రానిచ్చి, పచ్చిగా ముదిరిన కాయలు దించండి. నీళ్లు రెండు మూడు డిగ్రీలు పడతాయి. మళ్లీ 48కి వచ్చాకే గంట లెక్కపెట్టండి. పది నిమిషాలకోసారి కలుపుతూ, తగ్గితే చెంబెడు వేడినీళ్లు పోయండి. 45 దగ్గర ఉంచేస్తే పురుగు బతకవచ్చు, 50 దాటితే తొక్క కమిలి నల్లమచ్చలు తేలతాయి. పండిన కాయను ముంచొద్దు, మెత్తబడి పోతుంది. తీసిన కాయలను నీడలో పూర్తిగా ఆరాకే గడ్డిలో వేయండి. తడితో వేస్తే తొడిమ దగ్గర కుళ్లు మొదలై, ఆ వాసనకు మళ్లీ వంటింటి ఈగలు చేరతాయి.