అక్వేరియంలో నత్త గుడ్లు: ఏ నత్తవో పోల్చుకోవడం ఎలా?

అద్దం మీద గుడ్లు కనపడగానే గీకెయ్యకండి. ముందు రెండు సంగతులు చూడండి. అవి నీళ్ల లోపల ఉన్నాయా, నీటిమట్టానికి పైనా? మెత్తటి జిగురా, గట్టి చుక్కలా? ఏ నత్త పెట్టిందో చాలావరకు ఇక్కడే తేలిపోతుంది. పక్క నుంచి టార్చి వేసి, ఫోను కెమెరాను జూమ్ చేసి చూస్తే చాలు.

ఆకుల అడుగునో, ఫిల్టరు పైపు మీదో పారదర్శకమైన జిగురు ముద్ద కనిపిస్తే అది బ్లాడర్ నత్తదో, రామ్స్‌హార్న్‌దో అయ్యుంటుంది. బ్లాడర్‌ది పొడుగ్గా, కాస్త వంకరగా, తేటగా ఉంటుంది. రామ్స్‌హార్న్‌ది చదునైన బిళ్ల; లేత పసుపు ఛాయ, గుడ్లన్నీ ఒకే పొరలో. కొన్నాళ్లకు ఒక్కో గుడ్డులో చిన్న చుక్క మెల్లగా గిర్రున తిరగడం కనిపిస్తుంది, ఆ తర్వాత పెంకు ఆకారం తెలుస్తుంది. వెచ్చటి నీళ్లలో వారం, రెండు వారాల్లో పిల్లలు బయటికొస్తాయి. ఈ రకాల్లో ప్రతి నత్తా ఆడా మగా రెండూను. జత లేకపోయినా గుడ్లు పెట్టగలదు, కాబట్టి ఒక్కటే కదా అని వదిలేయడానికి లేదు.

నువ్వుగింజంత తెల్లటి గట్టి చుక్కలు రాళ్ల మీద, దుంగల మీద అక్కడక్కడా అంటుకుని, గోరుకు లొంగకపోతే అవి నెరైట్‌వి. మంచినీళ్ల ట్యాంకులో వీటి పిల్లలు బతకవు. చూడ్డానికి అసహ్యమే తప్ప భయం లేదు.

నీళ్లకు పైన, మూత కింద లేత గులాబీ గుత్తి ఉందంటే మిస్టరీ నత్త పనే. ఇందులో ఆడ, మగ వేరు. కానీ ఆడది మగవాటి బీజాన్ని నెలల తరబడి దాచుకోగలదు, అందుకే కొన్న చాలా రోజులకు కూడా ఒంటరి నత్త గుడ్లు పెడుతుంది. పిల్లలు కావాలంటే గుత్తిని తడిగాలి తగిలేలా ఉంచాలి. నీళ్లలో ముంచితే చచ్చిపోతాయి.

చేప గుడ్లని పొరబడేవాళ్లూ ఎక్కువే. కోరీ, ఏంజెల్ చేపల గుడ్లు జిగురు ముద్దలో ఉండవు, పూసల్లా విడివిడిగా అంటుకుని ఉంటాయి. ఏంజెల్ అయితే పక్కనే కాపలా కాస్తుంది.

తీసెయ్యాలంటే పాత ఏటీఎం కార్డుతో గీకుతూ, అదే చోట సైఫన్ గొట్టం పెట్టి లాగెయ్యండి. అక్రిలిక్ ట్యాంకుకు బ్లేడు వాడొద్దు, గీతలు పడతాయి. రాగి ఉన్న మందులు వేస్తే రొయ్యలూ పోతాయి. పైగా నత్తలన్నీ ఒక్కసారిగా చచ్చి కుళ్లితే అమ్మోనియా పెరిగి చేపలకే ముప్పు. గుడ్లు ఎంత గీకినా మిగిలిన మేత అడుగున పడుతున్నంత కాలం నత్తలు తగ్గవు. రెండు నిమిషాల్లో చేపలు తినేంతే వెయ్యండి.

చాలావరకు ఇవి కొత్త మొక్కలతోనే వస్తాయి. పటిక నీళ్లు నత్తల్ని చంపినా జిగురులోని గుడ్ల మీద నమ్మకంగా పనిచెయ్యవు. గట్టి ఆకుల మొక్కలైతే ఒక వంతు సువాసన లేని బ్లీచింగ్ ద్రావణానికి 19 వంతుల నీళ్లు కలిపి రెండు నిమిషాలు ముంచి, బాగా కడిగి, డీక్లోరినేటర్ (క్లోరిన్‌ను పోగొట్టే మందు) కలిపిన నీళ్లలో ఉంచండి. నాచు (మాస్) మొక్కలు, రిబ్బను లాంటి ఆకులుండే వాలిస్నేరియా దీనికి తట్టుకోవు. వాటిని రెండు మూడు వారాలు వేరే బకెట్లో ఉంచి, కనపడిన జిగురల్లా తీసేయడమే మార్గం.

తీసిన గుడ్లను కాలువలోనో చెరువులోనో పారబోయకండి. కవర్లో మూటగట్టి ఒక రాత్రంతా ఫ్రీజర్లో పెట్టి చెత్తలో వెయ్యండి.