చిట్టెలుక కాలేయ కణితిని స్లైడుపై గుర్తించడం ఎలా?

కాలేయాన్ని 10 శాతం న్యూట్రల్ బఫర్డ్ ఫార్మాలిన్‌లో నిల్వచేసి, కణితితో పాటు దాని అంచునున్న మామూలు కణజాలం కూడా వచ్చేలా ముక్క తీసుకోవాలి. అంచు లేని ముక్కతో నిర్ధారణకు రావడం కష్టం. 4 నుంచి 5 మైక్రాన్ల మందంతో కోసి హెమటాక్సిలిన్, ఇయోసిన్ రంగులు వేయాలి. రంగు వేశాక స్లైడులోని నీటిని తీయడానికి ఆల్కహాల్‌లో ముంచుతారు; విశాఖపట్నం సముద్రపు గాలిలో ఆ జాడీ మూత తెరిచి ఉంచితే ఆల్కహాల్ తేమను పీల్చుకుంటుంది. తర్వాత జైలీన్‌లో (ఆల్కహాల్‌ను తొలగించి కణజాలాన్ని పారదర్శకంగా చేసే ద్రవం) ముంచగానే స్లైడు పాలలా తెల్లబడితే నీరు మిగిలిందని అర్థం, మళ్లీ తాజా ఆల్కహాల్‌లో పెట్టాలి.

మైక్రోస్కోపు కింద ముందుగా అంచునే చూడాలి. పక్క కణజాలాన్ని నొక్కుతూ, కణాల వరుసలు ఒకటి రెండు కణాల మందంలోనే ఉంటే అది సాధారణంగా అడినోమా (క్యాన్సర్ కాని కణితి). మూడు లేదా అంతకు మించిన కణాల మందంతో దూలాల్లా పేరుకొని చుట్టుపక్కలకు చొచ్చుకుపోతే కార్సినోమా (క్యాన్సర్ కణితి). స్పష్టమైన నొక్కుడు లేకుండా రంగు మాత్రమే మారిన మచ్చను కణితిగా లెక్కించరాదు. బీ6సీ3ఎఫ్1 అనే ప్రయోగశాల రకం మగ చిట్టెలుకల్లో పరీక్షించే మందేమీ ఇవ్వకున్నా ఈ కణితులు తరచుగా వస్తాయి కనుక, కంట్రోల్ గుంపు (మందు ఇవ్వని చిట్టెలుకల) స్లైడ్లను పక్కన పెట్టుకునే చదవాలి.