ఫ్లాష్ ప్లేయర్ లోపం హెచ్చరిక ఎలా పోయిందంటే (నా అనుభవం)

గుంటూరు అరండల్‌పేటలోని మా డీటీపీ కేంద్రంలో విండోస్ 10 కంప్యూటర్‌ను స్కాన్ చేసినప్పుడల్లా, ఫ్లాష్ ప్లేయర్‌లో (బ్రౌజర్‌లో వీడియోలు, ఆటలు నడిపే పాత అడోబ్ ప్రోగ్రామ్) మెమరీని చెడగొట్టే తీవ్రమైన లోపం ఉందన్న హెచ్చరిక వచ్చేది. బ్రౌజర్ మార్చినా, యాంటీవైరస్ మార్చినా, కంట్రోల్ ప్యానెల్ నుంచి ఫ్లాష్‌ను తొలగించినా ఫలితం లేకపోయింది. 2020 డిసెంబరు 31తో దానికి మద్దతు ఆగిపోయింది కనుక కొత్త వెర్షన్ కోసం వెతకడమూ వృథాయే.

మనం వేసుకున్న ఫ్లాష్ వేరు, విండోస్ తనతో తెచ్చుకున్నది వేరు. మొదటిది తీసేసినా రెండోది కదలదు. ఆ రెండోదాన్ని తీసేసేందుకు మైక్రోసాఫ్ట్ ఇచ్చిన అప్‌డేట్ కేబీ4577586. దాన్ని మామూలుగా అన్‌ఇన్‌స్టాల్ చేయడం కుదరదు కనుక ముందుగా రిస్టోర్ పాయింట్ (కంప్యూటర్‌ను మళ్లీ పాత స్థితికి తెచ్చుకునే ఏర్పాటు) పెట్టుకుని, మైక్రోసాఫ్ట్ అప్‌డేట్ కేటలాగ్ వెబ్‌సైట్ నుంచి ఆ అప్‌డేట్‌లో మా విండోస్ వెర్షన్‌కు సరిపోయేదాన్ని డౌన్‌లోడ్ చేసి, ఇన్‌స్టాల్ చేసి, రీస్టార్ట్ చేశాను. తర్వాత విండోస్ ఫోల్డర్‌లోని సిస్టమ్32, సిస్‌వావ్64 రెండింటిలోనూ, ఫ్లాష్ ఫైళ్లుండే మాక్రోమెడ్ ఫోల్డర్‌లో మిగిలిన ఫైళ్లను తొలగించాకే హెచ్చరిక ఆగింది.

నేను చేసింది ఒక్క కంప్యూటర్‌లోనే. విండోస్ 7లో ఫ్లాష్ అంతర్భాగం కాదు కనుక అక్కడ ఈ దారి వర్తించదు.