ఆరెగన్ ఎడారి రాంచ్‌ల పాత పటాలను చదవడం ఎలా?

అమెరికాలోని ఆరెగన్ రాష్ట్రపు ఆగ్నేయ మూలన, స్టీన్స్ పర్వతం చుట్టూ విస్తరించిన ఎత్తైన ఎడారిలో రాంచ్‌ల (పశువుల పెంపక క్షేత్రాల) చరిత్రను వెతికేవారికి యూఎస్‌జీఎస్ (అమెరికా భూగర్భ సర్వే సంస్థ) ముద్రించిన పాత టోపోగ్రాఫిక్ పటాలు, అంటే నేల ఎత్తుపల్లాలను చూపే పటాలు, అమూల్యమైన ఆధారం. 1884 నుంచి 2006 వరకు వెలువడిన పటాలను ఆ సంస్థ తన టోపోవ్యూ వెబ్‌సైటులో ఉచితంగా అందిస్తోంది.

ముందుగా మీకు కావలసిన చోటును గుర్తించి, దానికి దొరికే పటాలన్నిటినీ దించుకోండి. 1:62,500 స్కేలులో ఒక అంగుళం దాదాపు ఒక మైలుకు సమానం. 1:24,000 స్కేలులో 2,000 అడుగులకు సమానం. రెండవదానిలో వివరం ఎక్కువే అయినా, పాత ఇళ్ల కోసం వెతికేవారు మొదటిదానితో ఆరంభించడమే మేలని నా అభిప్రాయం. పటం అంచున సర్వే సంవత్సరం, ముద్రణ సంవత్సరం వేరువేరుగా ఉంటాయి. నేల స్థితికి సాక్ష్యం సర్వే సంవత్సరమే. ఊదా రంగులో కనిపించేవి తర్వాతి కాలంలో వైమానిక ఛాయాచిత్రాలను చూసి చేర్చిన మార్పులు.

ఆ తర్వాత పటంలో అన్నిటికన్నా ముందు నీటిని చూపే నీలం రంగును చదవాలి, ఎందుకంటే అక్కడ రాంచ్ విలువను నిర్ణయించింది నేల విస్తీర్ణం కాదు, నీరు. గీతలూ చుక్కలూ కలిసిన నీలి రేఖ ఏడాదిలో కొంతకాలమే పారే వాగును సూచిస్తుంది. మల్హూర్ సరస్సు ఏటేటా పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది కనుక, పటంలోని దాని ఒడ్డును స్థిరమైన హద్దుగా భావించకూడదు. 1862 నాటి హోమ్‌స్టెడ్ చట్టం ఒక్కొక్కరికి 160 ఎకరాలు మాత్రమే ఇచ్చింది. అందువల్ల ఊట ఉన్న చోటును సొంతం చేసుకున్నవారు చుట్టూ ఉన్న ప్రభుత్వ భూమిలో మందలను మేపుకునేవారు. ఆ స్వేచ్ఛకు కళ్లెం వేసింది 1934 నాటి టేలర్ గ్రేజింగ్ చట్టం.

కనుక ఊట పక్కన ఒంటరిగా చిన్న నల్లని చతురస్రం (కట్టడానికి గుర్తు) కనిపిస్తే, అది ఏ టౌన్‌షిప్‌లో, ఏ సెక్షన్‌లో ఉందో రాసుకోండి. ఒక్కో వైపు ఆరు మైళ్లు ఉండే చదరపు భూభాగమైన టౌన్‌షిప్‌ను 36 సెక్షన్లుగా విభజిస్తారు. ఆ సంఖ్యలతో బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్ వారి భూమి రికార్డుల వెబ్‌సైటులో వెతికితే, ప్రభుత్వం నుంచి ఆ భూమికి మొదటి పట్టా పొందినవారి పేరు, తేదీ తరచుగా దొరుకుతాయి.

స్వయంగా వెళ్లి చూడదలచినవారు ఇంకొక జాగ్రత్త తీసుకోవాలి. పాత పటాలు చాలావరకు 1927 నాటి డేటమ్‌ను (అక్షాంశ రేఖాంశాలను లెక్కించే ఆధార చట్రాన్ని) అనుసరిస్తాయి, మీ ఫోన్‌లోని జీపీఎస్ అనుసరించదు. ఈ తేడాను సరిచేయకపోతే పడమటి రాష్ట్రాల్లో స్థానం వంద మీటర్ల వరకు తప్పవచ్చు. జియోటిఫ్ ఫైలును (స్థాన వివరాలు కూడా ఉండే పటం చిత్రాన్ని) క్యూజీఐఎస్ అనే పటాల సాఫ్ట్‌వేర్‌లో తెరిచి, ఉపగ్రహ చిత్రంపై పరచి సరిచూసుకోండి. పటంలో బాట గీసి ఉన్నంత మాత్రాన ప్రైవేటు భూమిలోకి ప్రవేశించే హక్కు రాదు. యజమాని అనుమతి తప్పనిసరి.