జీపీఎల్ ఉల్లంఘన: నోటీసు పంపే ముందు ఏం తేల్చుకోవాలి?

సమస్య: కొన్న రౌటర్‌లో మీ కోడ్ ఉంది, సోర్స్ ఎక్కడా లేదు

జీపీఎల్ అంటే కోడ్‌ను ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, కానీ ఆ ప్రోగ్రామ్‌ను ఇతరులకు ఇచ్చేటప్పుడు సోర్స్ (మనుషులు రాసిన మూల కోడ్) కూడా ఇవ్వాలనే లైసెన్సు. సోర్స్ ఇవ్వకపోవడం వెనక చాలాసార్లు దురుద్దేశం ఉండదు. పెట్టె మీద పేరున్న కంపెనీ బోర్డునూ ఫర్మ్‌వేర్‌నూ (పరికరాన్ని నడిపే సాఫ్ట్‌వేర్) చిప్ తయారీదారు దగ్గర తెచ్చుకుంటుంది. పూర్తి సోర్స్ దానికే అంది ఉండదు. అయినా అమ్ముతున్నది తనే కాబట్టి బాధ్యతా తనదే. జీపీఎల్ 2వ వెర్షన్, 3వ సెక్షన్ ప్రకారం బైనరీతో (మెషీన్ నడిపే రూపంలోని ప్రోగ్రామ్‌తో) పాటే సోర్స్ ఇవ్వాలి, లేదా అడిగినవారెవరికైనా ఇస్తామని కనీసం 3 ఏళ్లు చెల్లే రాతపూర్వక హామీ జతచేయాలి.

ముందు ఆధారాలు భద్రం చేయండి: బిల్లు, పెట్టె ఫొటోలు, మోడల్, హార్డ్‌వేర్ రివిజన్, ఫర్మ్‌వేర్ ఫైలు, దాని షా-256 హ్యాష్ (ఫైలు మారలేదని చూపే వేలిముద్ర లాంటి సంఖ్య). తర్వాత బిన్‌వాక్‌తో ఫర్మ్‌వేర్ విప్పి, స్ట్రింగ్స్ కమాండుతో మీ ఫంక్షన్ పేర్లు, ఎర్రర్ మెసేజీలు వెతకండి. మెసేజీలో మీరు చేసిన అక్షరదోషం అలాగే దొరికితే అంతకంటే గట్టి ఆనవాలు ఉండదు.

సోర్స్ అడిగితే టార్‌బాల్ (ఫైళ్లన్నీ కలిపి కట్టిన ఆర్కైవ్) ఒకటి పంపుతారు. దాన్ని కొత్త మెషీన్‌లో బిల్డ్ చేసి చూడకుండా సరేననకండి. కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్ కేంద్ర భాగం) కాన్ఫిగ్ ఫైలు, బిల్డ్, ఇన్‌స్టాల్ స్క్రిప్టులు అందులో లేకపోవడం మామూలే. లైసెన్సు ప్రకారం ఆ స్క్రిప్టులూ సోర్స్‌లో భాగమే.

సమస్య: "ఆ కోడ్ మీదని రుజువేమిటి?" అని జవాబొచ్చింది

ఎక్కువ కేసులు ఆగిపోయేది ఇక్కడే. లైనక్స్ కెర్నెల్ డెవలపర్ క్రిస్టాఫ్ హెల్‌విగ్ సాఫ్ట్‌వేర్ కంపెనీ వీఎంవేర్ మీద జర్మనీలోని హాంబర్గ్‌లో వేసిన దావా 2016లో కొట్టివేతకు గురైంది, 2019లో అప్పీలూ నిలవలేదు. జీపీఎల్ చెల్లుతుందా లేదా అన్న ప్రశ్న దాకా విచారణ వెళ్లనేలేదు. వేలమంది రాసిన కెర్నెల్‌లో ఏ భాగం ఆయనదో, అది ఆ ఉత్పత్తిలో ఎక్కడుందో తగినంతగా చూపలేదన్నదే కారణం. గిట్ (కోడ్ మార్పులను నమోదు చేసే సాఫ్ట్‌వేర్) చరిత్ర మొత్తం కోర్టు ముందు పెట్టినంత మాత్రాన రుజువైపోదు.

కాబట్టి ఏ భాగం మీదో చూపే పట్టిక మీరే తయారుచేయాలి. ఏ లైను ఎవరు రాశారో చూపే గిట్ బ్లేమ్‌ను -w, -C (పెద్ద అక్షరం) ఆప్షన్లతో నడపండి. మొదటిది ఖాళీల మార్పులను వదిలేస్తుంది, రెండోది వేరే ఫైలు నుంచి వచ్చిన లైన్లను పట్టుకుంటుంది. ఒక్కో ఫంక్షన్‌కూ నాలుగు విషయాలు రాయండి: మీకంటే ముందు అక్కడ ఏముంది, మీరు ఏం రాశారు, అలాగే ఎందుకు రాశారు, ఉత్పత్తిలో అది ఎక్కడ కనబడుతోంది. ఫైలు పేరు మార్చడం, ఇండెంటేషన్ సరిచేయడం లెక్కలోకి రావు.

రాసింది మీరే అయినా హక్కు మీది కాకపోవచ్చు. మన 1957 కాపీరైట్ చట్టం 17(సి) ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే, ఉద్యోగ విధుల్లో భాగంగా రాసిన ప్రోగ్రామ్‌కు మొదటి యజమాని కంపెనీయే. ఇంట్లో కూర్చుని సొంత ల్యాప్‌టాప్‌లో రాశామన్న వాదన ఒక్కటే సరిపోదు. అపాయింట్‌మెంట్ ఒప్పందంలో మేధోసంపత్తి క్లాజు తీసి చదవండి, చాలా ఒప్పందాల్లో అది చట్టం కంటే విస్తారంగా ఉంటుంది. ఫ్రీలాన్సర్ రాసిన కోడ్ మామూలుగా ఫ్రీలాన్సర్‌దే.

హక్కు బదిలీ చేయించుకోవాలంటే 19వ సెక్షన్ ప్రకారం సంతకంతో కూడిన పత్రం కావాలి. ఏ కోడ్, ఏ హక్కులు, ఎంతకాలం, ఏ దేశాల్లో, ప్రతిఫలం ఎంత అన్నవి అందులో ఉండాలి. కాలం రాయకపోతే 5 ఏళ్లే, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే. ఏడాదిలోపు వాడుకోని హక్కులు రద్దవుతాయన్న నిబంధన కూడా ఉంది, అది వర్తించదని పత్రంలోనే రాయించండి. ఈ ఒక్క వాక్యం మరిచిపోయే పత్రాలు చాలా ఉంటాయి.

సమస్య: నోటీసు వెళ్లగానే అవతలివాళ్లు మాట్లాడటం మానేశారు

మొదటి ఉత్తరంలోనే డబ్బు అడిగితే ఇదే జరుగుతుంది. పైగా జీపీఎల్ 2 కింద ఉల్లంఘన జరగ్గానే లైసెన్సు దానంతటదే రద్దవుతుంది, తప్పు దిద్దుకుంటే తిరిగొస్తుందన్న మాట అందులో లేదు. భయపడ్డ కంపెనీ లాయర్ వెనక దాక్కుంటుంది. జీపీఎల్ 3లో ఈ లోటు తీరింది: మొదటిసారి తప్పు చేసినవారు నోటీసు అందిన 30 రోజుల్లో సరిదిద్దుకుంటే హక్కులు శాశ్వతంగా తిరిగొస్తాయి. 2017లో చాలామంది లైనక్స్ కెర్నెల్ డెవలపర్లు తమ కోడ్‌కూ అదే గడువు ఇస్తామని ప్రకటించారు. మీ కోడ్ జీపీఎల్ 2లో ఉన్నా ఆ మాట నోటీసులో స్వచ్ఛందంగా రాయండి. ఏ ఫైళ్ల సోర్స్ కావాలో, ఏ ఫర్మ్‌వేర్ వెర్షన్‌దో స్పష్టంగా చెప్పండి.

ప్రాజెక్టులో ఒకరు తనంతట తానుగా నోటీసులు పంపుతుంటే అందరి పేరూ చెడుతుంది. లైనక్స్‌లో ఫైర్‌వాల్ భాగాన్ని చూసే నెట్‌ఫిల్టర్ ప్రాజెక్టులో అలాంటి వివాదం ముదిరి 2022లో సెటిల్‌మెంట్‌తో తేలింది: ఇకపై చర్యలు కోర్ టీమ్ మెజారిటీ ఓటుతోనే. ఈ నియమం గొడవ రాకముందే రాసిపెట్టుకోండి.

సమస్య: లైసెన్సు మార్చాలి, ఒక కంట్రిబ్యూటర్ దొరకడం లేదు

కోడ్ పంపేవారు మార్పు సందేశం చివర పెట్టే సైన్డ్-ఆఫ్-బై లైను హక్కు బదిలీ కాదు. పంపే హక్కు తనకుందన్న ధ్రువీకరణ మాత్రమే. కాబట్టి ఒక్కొక్కరి రాతపూర్వక సమ్మతి కావాలి. వీడియో ప్లేయర్ వీఎల్‌సీ వాళ్లు జీపీఎల్ కంటే సడలింపులున్న ఎల్‌జీపీఎల్‌కు మారేటప్పుడు డెవలపర్లను వెతికి పట్టుకుని అలాగే అనుమతి తీసుకున్నారు. దొరకని వ్యక్తి కోడ్‌ను తీసేసి, దాన్ని చూడని మరొకరితో కొత్తగా రాయించాలి. ఆ పని ఏ కమిట్‌లో (గిట్‌లో నమోదైన మార్పులో) జరిగిందో విడిగా నమోదు చేయండి.